ఐస్‌లాండ్‌కి వెళ్తున్నారా? అగ్నిపర్వతాల నేలను చదవడం ఇలా

ఐస్‌లాండ్ వెళ్లొచ్చిన మనవాళ్లని "అగ్నిపర్వతం చూశారా?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "లేదండీ, మేం వెళ్లినప్పుడు ఏదీ పేలలేదు." ఆ మాట అనేవాళ్లు దిగిన కేఫ్లవిక్ విమానాశ్రయం లావా మీద కట్టింది. అక్కణ్నుంచి రాజధాని రేక్యావిక్‌కి వెళ్లిన రోడ్డుకి రెండువైపులా పరుచుకున్నదీ లావానే. హోటల్లో స్నానం చేసిన వేణ్నీళ్లు భూగర్భం వేడికి కాగినవి. వారం రోజులు అగ్నిపర్వతాల మీదే తిరిగి, చూడలేదంటూ తిరిగొచ్చారన్నమాట.

మండే లావా కంటపడటం అదృష్టం మీద ఉంటుంది. ఈ దేశంలో సగటున నాలుగైదేళ్లకొకసారి ఎక్కడో ఒకచోట లావా పైకొస్తుంది. 2021 నుంచి నైరుతి మూలనున్న రేక్యానెస్ ద్వీపకల్పంలో అంతకన్నా తరచుగా వస్తోంది గానీ, కొన్ని రెండు రోజుల్లోపే ఆరిపోయాయి. అది నమ్ముకుని టికెట్లు కొనకండి. చల్లారిన నేలను చదవడం నేర్చుకుని వెళ్తే, ఏది పేలినా పేలకపోయినా ప్రయాణం దండగ కాదు. కారు అద్దెకు తీసుకుని వారం, పది రోజులు సొంతంగా తిరిగేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

1. బయల్దేరే ముందు మూడు ప్రశ్నలు పట్టేయండి

భూమి పైపెంకులో భాగాలైన ఉత్తర అమెరికా పలక, యూరేషియా పలక ఒకదాన్నుంచి ఒకటి దూరం జరుగుతున్న గీత మీద ఉంది ఐస్‌లాండ్. ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున నేల విడిపోతూ ఉంటుంది. ఈ గీత అట్లాంటిక్ పొడవునా సముద్రం అడుగునే సాగుతుంది. ఇక్కడ దానికి తోడు లోతుల్లోంచి వేడి శిల ప్రత్యేకంగా పైకి ఉబికివస్తోంది కాబట్టి, లావా మీద లావా పేరుకుని నీటిపైకి తేలి దేశమైంది. చురుకైన అగ్నిపర్వత వ్యవస్థలు ముప్పైదాకా ఉన్నాయి.

అక్కడ ఏ కొండ కనిపించినా ఇవి అడగండి.

లావా ఒక్క రంధ్రంలోంచి వచ్చిందా, పొడవాటి చీలికలోంచి వచ్చిందా? రంధ్రమైతే గుండ్రటి కొండో, వాలు తక్కువగా ఉండే విశాలమైన గుట్టో ఏర్పడుతుంది. చీలికైతే వరసగా చిన్న చిన్న బిలాలు గాని, పొడవాటి గట్టు గాని కనిపిస్తుంది.

వచ్చినప్పుడు పైన ఏముంది? గాలి మాత్రమే ఉంటే లావా నింపాదిగా పారుతుంది. నీళ్లో, మంచో ఉంటే ఆవిరి పేలి, లావా తునాతునకలై బూడిదా రాతిపొడీ అవుతుంది. మూడింటిలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఐస్‌లాండ్ భూరూపాల్లో సగం చిక్కుముళ్లు దీంతో విడిపోతాయి.

ఎంత పాతది? దీనికి నాచును చూడండి. నల్లగా, బోసిగా ఉంటే కొన్ని ఏళ్లదో, కొన్ని దశాబ్దాలదో. బూడిదరంగు నాచు మెత్తగా కప్పేసి ఉంటే వందల ఏళ్లది. గడ్డి, పొదలు పట్టి ఉంటే అంతకన్నా పాతది. వానలు ఎక్కువపడే దక్షిణాన నాచు తొందరగా పడుతుంది, ఉత్తరాన ఆలస్యంగా. కాబట్టి దీన్ని అంచనాకే వాడండి.

మ్యాపులో పేర్లు చూసి బెదిరిపోకండి. చివర 'యోకుల్' అని ఉంటే హిమానీనదం, 'హ్రాయిన్' అని ఉంటే లావా మైదానం, 'గీగుర్' అంటే బిలం, 'సాందుర్' అంటే వరదలు తెచ్చిపోసిన ఇసుక మైదానం. ఈ నాలుగు తెలిస్తే మ్యాపు సగం అర్థమైనట్టే.

2. ఒక్కరోజు మన నల్లరాతి దగ్గర గడపండి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లయితే వికారాబాద్ అనంతగిరి కొండలకి, గోదావరి జిల్లాలవాళ్లయితే పంగిడి, గౌరీపట్నం వైపు క్వారీలకి వెళ్లిరండి. ఈ రెండుచోట్లా ఉన్నది బసాల్టే, అంటే చల్లారిన లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్‌ని ముంచెత్తిన లావా పొరల తూర్పు అంచు అనంతగిరి దగ్గర కనిపిస్తుంది. రాజమహేంద్రవరం చుట్టుపక్కల నల్లరాయి కూడా ఆ కాలానిదే.

అక్కడ చేయాల్సిన పని చిన్నదే. తాజాగా విరిగిన నల్లరాయి ముక్క చేతిలోకి తీసుకుని, ఒళ్లంతా గింజంత గుంటలు ఉన్నాయేమో చూడండి. లావా గడ్డకడుతుండగా బయటికి పోలేక చిక్కుకున్న వాయువు బుడగలవి. పాత రాయి కాబట్టి కొన్ని గుంటల్లో తెల్లటి ఖనిజం నిండిపోయి ఉంటుంది. ఐస్‌లాండ్ కొత్త లావాలో ఆ గుంటలు ఖాళీగా, అంచులు చేతికి గీసుకుపోయేంత పదునుగా ఉంటాయి. ఒకసారి ఇక్కడ చూసి వెళ్తే అక్కడ తేడా చప్పున తెలిసిపోతుంది. క్వారీ లోపలికి మాత్రం అడక్కుండా పోవద్దు, పేలుళ్లు జరుగుతుంటాయి.

3. నెల, బండి, రోజూ చూసుకోవాల్సినవి

భారత పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి. వేసవి రద్దీ ఎక్కువ కాబట్టి దరఖాస్తు ముందుగా పెట్టండి.

రాళ్లూ నేలా చూడాలంటే జూన్ చివరి నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా మంచిది. శీతాకాలంలో పగలు నాలుగైదు గంటలే ఉంటుంది, సగం నేల మంచు కింద ఉంటుంది. ఆకాశంలో వెలుగుల కోసమైతే సరే, లావా కోసమైతే వద్దు.

దేశం చుట్టూ తిరిగే 1వ నంబరు రోడ్డు సుమారు 1,300 కిలోమీటర్లు. దానికి మామూలు కారు చాలు. నంబరుకి ముందు 'ఎఫ్' అని ఉన్నవి లోపలి ఎత్తుప్రాంతపు మట్టిరోడ్లు. వాటిమీద నాలుగు చక్రాలూ తిప్పే బండి ఉండి తీరాలి, మామూలు కారుతో వెళ్తే నేరం. కొన్నిచోట్ల వంతెన ఉండదు, ఏరు దాటాలి. ఇంజన్లోకి నీళ్లుపోతే ఇన్సూరెన్సు మామూలుగా వర్తించదు. ఎప్పుడూ ఏరు దాటనివాళ్లు ఆ ప్రయోగం అక్కడ మొదలుపెట్టకుండా, అలాంటి చోట్లకి స్థానిక బస్సులోనో, గైడుతోనో వెళ్లండి. గాలి సంగతి కూడా గుర్తుంచుకోవాలి: కారు తలుపు గట్టిగా పట్టుకుని తెరవకపోతే మడతబందులు విరిచేస్తుంది. ఆ ఖర్చు మీదే.

పొద్దున్నే మూడు చూసుకోండి. వాతావరణ సంస్థ సైటు 'వేదుర్ డాట్ ఐఎస్'లో గాలి, భూకంపాలు, అగ్నిపర్వతాల రంగు హెచ్చరికలు ఉంటాయి. 'సేఫ్‌ట్రావెల్ డాట్ ఐఎస్'లో ఏ దారి మూశారో, ఎక్కడ ప్రమాదమో ఉంటుంది. రోడ్ల శాఖ సైటులో ఏ రోడ్డు తెరిచి ఉందో ఉంటుంది. అత్యవసర నంబరు 112, అదే పేరుతో యాప్ కూడా ఉంది. దాంట్లో మీరున్న చోటు పంపొచ్చు.

4. మొదటి రోజు రేక్యానెస్: లావా రెండు రకాలు

విమానం దిగిన రోజే మొదలుపెట్టొచ్చు. సుమారు 800 ఏళ్లు నిద్రపోయిన ఈ ద్వీపకల్పం 2021 మార్చి 19న ఫాగ్రదాల్స్‌ఫ్యాల్ కొండ పక్కన లేచింది. 2022లో, 2023లో మళ్లీ అక్కడే లావా వచ్చింది. తర్వాత కథ గ్రిండావిక్ ఊరి వైపు జరిగింది. 2023 నవంబర్ 10 రాత్రి ఆ ఊళ్లోని 3,800 మంది దాకా జనాన్ని ఖాళీ చేయించారు. డిసెంబర్ 18న సుంద్‌హ్నూకుర్ బిలాల వరస మీద చీలిక తెరుచుకుంది. 2024 జనవరి 14న లావా ఊరి అంచుకొచ్చి మూడిళ్లను కాల్చేసింది. ఫిబ్రవరిలో వేణ్నీళ్ల గొట్టం తెగి, చలికాలం నడిమధ్య ద్వీపకల్పంలో ఇరవై వేలమందికి పైగా జనం ఇళ్లు వెచ్చబెట్టుకోలేకపోయారు. నవంబర్‌లో లావా 'బ్లూ లగూన్' స్నానాల కొలను కార్ల పార్కింగును మింగేసింది. విద్యుత్ కేంద్రం చుట్టూ, ఊరి చుట్టూ మట్టిగట్లు కట్టి లావాను పక్కకి మళ్లించారు. ఆ గట్లను ఆనుకుని ఆగిపోయిన నల్లటి గోడను మీరు రోడ్డు మీంచే చూడొచ్చు.

తెరిచి ఉన్న కాలిబాటల మీదుగా ఫాగ్రదాల్స్‌ఫ్యాల్ లావా అంచుకి వెళ్లి రెండు రకాలు పోల్చుకోండి. ఒకటి నున్నటి లావా. పాలమీద మీగడ ముడుచుకున్నట్టు ముడతలు పడి ఉంటుంది. పైన పలచటి తొక్క గట్టిపడుతుండగా కింద పలచటి లావా ఇంకా కదులుతూ ఆ తొక్కని నెట్టడంవల్ల పడిన ముడతలవి. రెండోది గరుకు లావా. పిడికిలంత నుంచి బండంత దాకా విరిగిన చిట్టెం ముక్కల కుప్ప. లావా జారుడు తగ్గి చిక్కబడితేనో, మరీ వేగంగా పారితేనో పైతొక్క ముక్కలై అలా అవుతుంది. ఒకే ప్రవాహంలో నున్నటి లావా కాస్త ముందుకెళ్లి గరుకుగా మారిన చోటు దొరుకుతుంది, అది వెతకండి. తిరిగి నున్నగా మారిన చోటు మాత్రం చాలా అరుదు. లావా ఏ దిక్కుకి పారిందో మ్యాపు చూడకుండా చెప్పడానికి ఇదొక ఆనవాలు.

లావా మీదికి ఎక్కకండి. పైకి చల్లగా కనిపించే తొక్క కింద ఏళ్ల తరబడి వేడి ఉంటుంది, బోలు కూడా ఉంటుంది. చాలామంది ఫొటో కోసం రెండడుగులే కదా అని ఎక్కుతారు. ఆ రెండడుగుల్లో కాలు దిగబడితే పైకి లాగేలోపే తోలు ఊడిపోతుంది.

5. రెండో రోజు థింగ్‌వెల్లిర్, కేరిద్

థింగ్‌వెల్లిర్‌ని అందరూ 'రెండు ఖండాల మధ్య నడక' అని చూస్తారు. 930లో ఐస్‌లాండ్ శాసనసభ ఆల్థింగ్ మొదలైంది ఇక్కడే. 2004 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. మీరు మాత్రం ఒక నిమిషం ఆగి కాళ్లకింద ఏముందో ఆలోచించండి. అల్మన్నగ్యౌ అనే పగులులో నడుస్తుంటే ఒకవైపు నిలువు రాతిగోడ, రెండోవైపు పొట్టి గోడ. నేల రెండువైపులకీ లాగబడి మధ్యభాగం కిందికి దిగిపోవడంతో అలా అయింది. లోయకి అవతలి వైపు గోడ కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే ఒక ఖండం అంచున నిలబడి రెండో ఖండం అంచుని తాకొచ్చన్న మాట ప్రచారమే. ఇక్కడ అంచు ఒక గీత కాదు, పగుళ్లతో నిండిన వెడల్పాటి పట్టీ.

ఆకాశం తేటగా ఉంటే ఈశాన్యం వైపు చూడండి. స్క్యాల్ద్‌బ్రెయిదుర్ కొండ కనిపిస్తుంది, 1,060 మీటర్లు. ఎక్కడా నిటారుగా లేచినట్టు ఉండదు, వాలు అంత తక్కువ. మంచుయుగం ముగిశాక పలచటి లావా ఒక్క రంధ్రంలోంచి తీరుబడిగా ఏళ్ల తరబడి పొంగిపొర్లి పేర్చిన గుట్ట. దానికి దగ్గర్లోనే తల బల్లపరుపుగా, పక్కలు నిటారుగా ఉన్న కొండ కూడా ఉంటుంది, పేరు హ్లోదుఫెల్. అదే లావా, అదే ప్రాంతం. తేడా ఏమిటంటే రెండోది హిమానీనదం కింద పుట్టింది. మొదట మంచు కరిగిన నీళ్లలో లావా దిండ్లలా గుండ్రంగా గడ్డకట్టింది. పైకి వచ్చేకొద్దీ పేలి గోధుమరంగు పొడిరాయి అయింది. చివరికి మంచును చీల్చుకుని గాలిలోకి వచ్చాక మామూలు లావాగా పారి పైన మూతలా పరుచుకుంది. ఆ మూత ఎంత ఎత్తున మొదలైందో కొలిస్తే ఆనాడు మంచు ఎంత మందాన ఉండేదో తెలుస్తుంది. భూశాస్త్రజ్ఞులు నిజంగానే అలా కొలుస్తారు. ఐస్‌లాండ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం ఇదే. ఇంత పెద్ద విషయం చెప్పే కొండ పక్కనుంచి బస్సులు ఆగకుండా పోతుంటాయి.

దారిలో కేరిద్ బిలం దగ్గర ఆగండి, కొద్దిపాటి టికెట్ ఉంటుంది. 55 మీటర్ల లోతు, అడుగున నీలాకుపచ్చ నీళ్లు. గోడలు ఎర్రగా ఉంటాయి. వేడిగా ఉండగానే గాలి, ఆవిరి తగిలి రాతిలోని ఇనుము తుప్పుపట్టిందన్నమాట. ఇది పేలుడు చేసిన గుంట కాదు, చుట్టూ పేలిన ఆనవాళ్లుండే బూడిద పొర లేదు. కింద లావా ఖాళీ అయిపోయి నడిభాగం కూలింది. అడుగున ఉన్నది చెరువు కాదు, ఆ ప్రాంతపు భూగర్భ జలమట్టమే బయటపడింది.

6. దక్షిణ తీరం: నిప్పు మీద మంచు

ఈ దారిలో రెండో ప్రశ్నకి జవాబులు వరసగా దొరుకుతాయి. రేక్యావిక్ నుంచి తూర్పుకి పోతుంటే ఎడమచేతి వైపు ఎయ్యాఫ్యత్లయోకుల్ అగ్నిపర్వతం. 2010 మార్చి 20న మొదట దాని పక్కన, మంచు లేని ఫిమ్‌వోర్దుహౌల్స్ కనుమలో చీలిక తెరుచుకుంది. లావా ఎర్రగా పారింది, జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఏప్రిల్ 14న అదే కొండ శిఖరం మీద, మంచు కింద పేలింది. ఈసారి సన్నటి బూడిద కిలోమీటర్ల ఎత్తుకి లేచి గాలివాటున యూరప్ మీదికి పోయింది. సుమారు లక్ష విమానాలు రద్దయ్యాయి. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎంతోమంది లండన్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇరుక్కుపోయింది అప్పుడే. శిఖరం దగ్గర వచ్చిన లావా కాస్త చిక్కటిదన్నది నిజమే గానీ, మంచునీళ్లు తోడవ్వడం వల్లే బూడిద అంత సన్నగా నలిగింది.

ఇంకొంచెం ముందుకెళ్తే కత్లా. మిర్దాల్స్‌యోకుల్ మంచు కింద దాక్కున్న పెద్ద బిలం అది. 1755, 1823, 1860, 1918 అలా పేలుతూ వచ్చి, ఆపైన మంచును చీల్చుకుని పెద్దగా పేలలేదు. విక్ ఊరికి తూర్పున నల్లటి మైదానంలో కారు నడుపుతూ ఎక్కడ ఆగినా ఆ మైదానం కత్లా వరదలు తెచ్చిపోసిందే. విక్‌లో చర్చి గుట్ట మీద ఉంది. హెచ్చరిక వస్తే ఊరివాళ్లు చేరేది అక్కడికే. మీరు అక్కడ బస చేస్తే ముందురోజే ఆ దారి చూసిపెట్టుకోండి.

వరద బలం ఎంతో చూడాలంటే స్కాఫ్తాఫెల్‌కి కాస్త ముందు రోడ్డు పక్కన వంగిపోయిన ఇనుప దూలాల దగ్గర ఆగండి. 1996 సెప్టెంబర్ చివర్లో వాత్నయోకుల్ మంచు కింద పేలుడు జరిగింది. కరిగిన నీళ్లు గ్రీమ్స్‌వోత్న్ బిలంలో ఐదు వారాలు పేరుకుని, నవంబర్ 5న మంచును పైకెత్తి ఒక్కసారిగా బయటపడ్డాయి. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకి సుమారు 50,000 ఘనపు మీటర్లు, అంటే మన లెక్కలో 17 లక్షల క్యూసెక్కులకి పైనే. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల దగ్గర ఇస్తారు, పోల్చుకోండి. అది కూడా వందల కిలోమీటర్ల నది కాదు, ఒక హిమానీనదం కింది సొరంగంలోంచి. ఇళ్లంత మంచుగడ్డలు తగిలి మెలికపడిన వంతెన దూలాలివి.

స్కాఫ్తాఫెల్‌లోనే స్వార్తిఫోస్ జలపాతం ఉంది. వెనక గోడంతా నల్లటి రాతి స్తంభాలు. మందమైన లావా నిదానంగా చల్లారితే కుంచించుకుపోయి పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లు చల్లబడే ఉపరితలానికి నిలువుగా లోపలికి దిగుతాయి. అన్నివైపులా సమంగా లాగుడు ఉంటే ఆరు పలకల స్తంభాలు వస్తాయి. అక్కడే కూర్చుని ఓ పది స్తంభాల పలకలు లెక్కపెట్టండి, ఐదువీ ఏడువీ కూడా దొరుకుతాయి. ఈ స్తంభాలే రేనిస్‌ఫ్యారా సముద్రతీరంలోనూ ఉన్నాయి గానీ, అక్కడ ఉన్నట్టుండి దూసుకొచ్చే అలలు కొంతమందిని లాక్కెళ్లిపోయాయి. హెచ్చరిక దీపం ఎర్రగా ఉంటే దిగొద్దు, ఎర్రగా లేకపోయినా సముద్రానికి వీపు పెట్టొద్దు.

7. లాకి దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి

విక్‌కి, కిర్క్యుబయ్యార్‌క్లౌస్తుర్‌కి మధ్య రోడ్డు ఒక నాచు సముద్రంలోంచి పోతుంది. కనుచూపు మేరా గుండ్రటి దిమ్మలు, వాటిమీద జానెడు మందాన బూడిదాకుపచ్చ నాచు. పేరు ఎల్ద్‌హ్రాయిన్. కారు ఆపుకోవడానికి కేటాయించిన చోట దిగండి. నాచు మీద కాలు పెట్టకండి, ఒక్క అడుగు గుర్తు మానడానికి దశాబ్దాలు పడుతుంది. బాట మీదే ఉండి వంగి చూస్తే, నాచు చిరిగిన చోట లోపల గరుకు లావా కనిపిస్తుంది.

ఈ లావా 1783 జూన్ 8న మొదలై 1784 ఫిబ్రవరి 7 దాకా వచ్చింది. ఉత్తరాన లాకి కొండకి రెండువైపులా 27 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. ఆ గీత మీద దాదాపు 130 బిలాలు ఉన్నాయి. సుమారు 15 ఘన కిలోమీటర్ల లావా బయటికొచ్చింది. లావా కింద పడి చచ్చినవాళ్లు లేరు. చంపింది వాయువు. దాదాపు 12 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్, దానితోపాటు ఫ్లోరిన్. గడ్డి మీద పడిన ఫ్లోరిన్ తిన్న గొర్రెలకి పళ్లు చెడిపోయి, ఎముకలు వాచి, కాళ్లు వంకరపోయాయి. నల్లగొండ ఊళ్లను చూసినవాళ్లకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. మనకది భూగర్భ జలంలో నెమ్మదిగా వచ్చింది, వాళ్లకి ఆకాశంలోంచి కొన్ని నెలల్లో వచ్చింది. గొర్రెల్లో ఐదింట నాలుగు వంతులు, పశువుల్లో సగం చచ్చాయి. ఆ వెంట వచ్చిన కరువులో దేశ జనాభాలో ఐదోవంతుకి పైగా పోయారు. పొగమంచు యూరప్ అంతా కమ్మింది. ఆఫ్రికా, ఆసియా రుతుపవనాలు బలహీనపడ్డాయని వాతావరణ నమూనాలు చెబుతున్నాయి. నైలు నదిలో ఆ రెండేళ్లూ నీరు తగ్గింది.

కిర్క్యుబయ్యార్‌క్లౌస్తుర్‌లో (పొట్టిగా క్లౌస్తుర్) చిన్న ప్రార్థనా మందిరం ఉంది. 1783 జూలై 20న లావా ఊరి మీదికి వస్తుండగా పాస్టర్ యోన్ స్తేన్‌గ్రీమ్సన్ పాత చర్చిలో జనంతో ప్రార్థన జరిపాడు. బయటికొచ్చి చూస్తే లావా ముందుకు రాకుండా ఆగి, ఉన్నచోటే పేరుకుంటోంది. ఆ ప్రార్థన వల్లేనని జనం నమ్మారు. ఏరు నీళ్లు లావా ముక్కుని చల్లబరిచి ఉంటాయని కూడా అనుకోవచ్చు. యోన్ మాత్రం ఆ నెలల్లో చూసిందంతా, గాలి రంగు దగ్గర్నుంచి గొర్రెల కాళ్ల దాకా, ఓపిగ్గా రాసిపెట్టాడు. ఇవాళ శాస్త్రజ్ఞులు మొదట తెరిచేది ఆ రాతలే.

బిలాల వరస దగ్గరికి వెళ్లాలంటే ఎఫ్206 రోడ్డు, ఏర్లు దాటాలి. క్లౌస్తుర్ వైపునుంచి వేసవిలో వాహనాలు దొరికితే వాటిలో వెళ్లండి. లాకి కొండ ఎక్కి రెండువైపులా చూస్తే బిలాలు ఒకే తీగ మీద కూర్చోబెట్టినట్టు వరసగా కనిపిస్తాయి. దక్కన్ పొరలూ చాలావరకు ఇలాంటి చీలికల్లోంచి వచ్చినవేనని గుర్తు చేసుకుంటూ చూడండి. దక్కన్‌లో పైకి వచ్చింది దీనికి కొన్ని పదుల వేల రెట్లు.

8. ఉత్తరాన మీవత్న్: నకిలీ బిలాలు

మీవత్న్ చెరువు పక్కన స్కూతుస్తాదిర్ దగ్గర పచ్చటి గడ్డి పట్టిన బిలాలు గుంపుగా ఉంటాయి. ఇవి మోసం చేస్తాయి. కింద శిలాద్రవం గొట్టం ఏదీ లేదు. సుమారు 2,300 ఏళ్ల కిందట లావా చిత్తడి నేల మీదా, చెరువు మీదా పారితే కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై లావాను చిల్లులుపొడుస్తూ పేలాయి. నిజమైనవో కావో తేల్చాలంటే మొదటి ప్రశ్న వేసుకోండి: వరసలో ఉన్నాయా, చిందరవందరగా ఉన్నాయా? చీలిక మీదివైతే వరస ఉంటుంది. వీటికి లేదు.

పక్కనే దిమ్ముబోర్గిర్‌లో అదే లావా కొలనుగా నిలిచి, తర్వాత ఒక పక్కకి జారిపోగా మిగిలిన స్తంభాలు ఉన్నాయి. హ్వేర్‌ఫ్యాల్ కిలోమీటరు వెడల్పున్న బూడిద వలయం. గుర్తుపెట్టిన బాటల్లోనే పైకెక్కాలి, సుమారు అరగంట. క్రాప్లాలో 1975 నుంచి 1984 దాకా తొమ్మిదిసార్లు లావా వచ్చింది. లేర్‌హ్నూకుర్ బాట మీద ఆ నల్లటి లావా పగుళ్లలోంచి ఇప్పటికీ ఆవిరి వస్తుంది. ఆ పక్కనే 2009లో విద్యుత్తు కోసం బోరు వేస్తే 2.1 కిలోమీటర్ల లోతులో నేరుగా శిలాద్రవమే తగిలింది.

హ్వేరిర్‌లో బుడబుడమనే బురద గుంటల దగ్గర తాడు దాటొద్దు. లేతరంగు నేల కింద మరిగే బురద ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆకలేస్తే ఆ ప్రాంతంలో వేడి నేలలో పాతిపెట్టి ఒక రోజంతా ఉడికించే రై పిండి రొట్టె అమ్ముతారు. కాస్త తియ్యగా, బరువుగా ఉంటుంది. పెట్రోలు బంకు హాట్‌డాగుల మీద బతుకుతున్నవాళ్లకి అది విందే.

హెర్దుబ్రేద్ కొండ, అస్క్యా అగ్నిపర్వతం చూడాలంటే ఇక్కణ్నుంచే వెళ్లాలి, రోజంతా పడుతుంది. 1965లో, 1967లో అపోలో వ్యోమగాములు రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అస్క్యాకే వచ్చారు. గైడు బస్సులో వెళ్లండి, సొంత బండి వద్దు.

9. ఒక్క పూట మిగిలితే హేమే దీవి

లాండేయాహోఫ్న్ రేవు నుంచి పడవలో ముప్పావుగంటలోపే. 1973 జనవరి 23 అర్ధరాత్రి దాటాక ఊరి చివర నేల చీలింది. ముందురోజు తుఫాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉండటంతో దాదాపు 5,300 మందిని తెల్లవారేలోపు దాటించేశారు. లావా రేవు మూసేయబోతే నెలల తరబడి సముద్రపు నీళ్లు పంపులతో కొట్టి చల్లార్చి ఆపారు. ఎల్ద్‌హేమర్ మ్యూజియంలో బూడిదలోంచి తవ్వి తీసిన ఇల్లు ఉన్నదున్నట్టు ఉంచారు. అది చూశాక ఎల్ద్‌ఫెల్ కొండ ఎక్కండి. అంతకుముందు అక్కడ కొండ లేదు, పచ్చిక ఉండేది.

నైరుతిన సముద్రంలో కనిపించేది సుర్ట్సే. 1963 నవంబర్‌లో నీళ్లలోంచి పుట్టిన దీవి. శాస్త్రజ్ఞులకి తప్ప ఎవరికీ అడుగుపెట్టే అనుమతి లేదు.

10. మీరు అక్కడ ఉండగా లావా వస్తే

ముందు 'సేఫ్‌ట్రావెల్' చూడండి, ఆ తర్వాతే బండి తీయండి. ఆ ప్రాంతంలో ఉంటే ఫోనుకి సందేశం వస్తుంది, ఖాళీ చేయమంటే వెంటనే కదలండి. చూడటానికి దారి తెరిస్తే గాలి వీచే వైపు నుంచే వెళ్లండి, వెనకనుంచి గాలి మీ వీపుకి తగలాలి. గాలి పడిపోయిన రోజు లోయలోకి దిగొద్దు, బరువైన వాయువులు పల్లంలో నిలుస్తాయి. మామూలు మాస్కు వాటిని ఆపదు. పిల్లల్ని, ఉబ్బసం ఉన్నవాళ్లని తీసుకెళ్లొద్దు. హెక్లా అగ్నిపర్వతం సంగతి వేరు. 1991లో అరగంట, 2000లో గంటా ఇరవై నిమిషాల ముందు మాత్రమే సూచన ఇచ్చింది. దాన్ని ఎక్కాలనుకునేవాళ్లు ఆ లెక్క చూసుకుని ఎక్కాలి.

ఈలోపు ఇంటినుంచి ఫోన్లు మొదలవుతాయి, టీవీలో ఎర్రటి లావా చూసి. వాళ్లకి చెప్పేముందు రెండో ప్రశ్న మీరే వేసుకోండి: పైన మంచు గాని, నీళ్లు గాని ఉన్నాయా? లేకపోతే బూడిద పెద్దగా లేవదు. 2021 నుంచి రేక్యానెస్‌లో వచ్చినవన్నీ విమానాశ్రయానికి దగ్గర్లోనే వచ్చినా విమానాలు దాదాపు ఎప్పట్లానే తిరిగాయి. మంచు కింద అయితే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, హోటల్ గది ఇంకో రెండు రోజులు పొడిగించుకోండి.